పరిశుద్ధాత్మను తిన్న పిల్ల

తాడిలంక,
19 నవంబరు 2024

వేణీ,

ప్రభువు నామంలో వందనాలు. నీకు నామం మీద నమ్మకం లేకపోయినా వందనానికి వచ్చిన నష్టమేమీ లేదు కాబట్టి పుచ్చుకో.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఒంట్లో బాగానే ఉంది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. మొన్న ఆదివారం చెప్పబోతే ఏం చేశావు? నేను "తండ్రి" అనగానే "అదెలా?" అన్నావు. "కుమారుడు" అనేలోపల "మరి..." అన్నావు. పరిశుద్ధాత్మ దాకా వెళ్లనే లేదు, ఇద్దరం ఫోన్లు పెట్టేశాం. కాగితమైతే మధ్యలో దూరలేవు. పైగా ఈసారి నువ్వు చెప్పేది నేను నిదానంగా చదువుకోవాల్సిన అవసరం వచ్చింది.

సంగతేంటంటే, మా గుడిలో కోతపండుగ అయింది. ఎవరి తోటలో పండింది వాళ్లు తెచ్చి ప్రభువు ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. నీకు గుర్తుండాలి. చిన్నప్పుడు మీ నాన్న పాటలో దక్కించుకున్న కోడిని కొయ్యడానికి వీల్లేదని ఊరంతా వినేలా ఏడ్చావు. ఈసారి చిట్టియ్య తన తోటలోంచి చక్రకేళి అరటి అత్తం తెచ్చాడు. అందులో మూడు కాయలు ఒకే తొక్కలో అతుక్కుని ఉన్నాయి. జంటకాయ అందరం చూస్తాం, మూడు కలిసింది నేనెప్పుడూ చూడలేదు. ఒళ్లు జల్లుమంది. సండేస్కూలు పిల్లలకి త్రిత్వం చెప్పలేక ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నాను కదా, దేవుడే పాఠం పంపించాడనుకున్నాను. కమిటీ సెక్రటరీ ఆశీర్వాదంగారు కూడా దాని కోసమే పాట పెంచారు. నేను వదల్లేదు. ఆయన ముఖం చిన్నబోయింది. తగువు అక్కడే మొదలైందని నా అనుమానం.

వారం రోజులు గడ్డిలో మాగేసి క్లాసుకి పట్టుకెళ్లాను. "చూడండర్రా, తొక్క ఒకటే, పండు ఒకటే. ఇప్పుడు ఒలుస్తున్నాను. ఇదిగో తండ్రి, ఇదిగో కుమారుడు, ఇదిగో పరిశుద్ధాత్మ" అన్నాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. అంత బాగా ఏ పాఠమూ కుదరలేదు. సరే, కుదిరాక ఆ పండుని ఏం చెయ్యాలి? ఒలిచిన పండు ఎంతసేపు ఆగుతుంది? పంచేశాను.

ఆశీర్వాదంగారి మనవరాలు కెజియా ఇంటికెళ్లి, "తాతా, నేను పరిశుద్ధాత్మను తిన్నాను. తియ్యగా ఉంది. తండ్రిని చిన్నబ్బులు ఒక్కడే మింగేశాడు" అందట.

ఇక చూస్కో. అతుకుడు పండు తింటే పిల్లకి రేప్పొద్దున కవలలు పుడతారని దాని నాయనమ్మ ఏడుపు. దుర్బోధ, దుర్బోధ అని తాత కేకలు. కొత్తగా వచ్చిన పాస్టరు రాజ్ కుమార్ గారు చిన్నవాడు, మెత్తనివాడు. "అమ్మగారూ, డిసెంబరు పదిహేనున కమిటీ కూర్చుంటుందండి. త్రిత్వం గురించి మీరేం బోధిస్తున్నారో చెబితే చాలండి" అన్నాడు. ఆశీర్వాదంగారు మాత్రం అందరి ముందూ "సరిగ్గా చెప్పకపోతే క్లాసు వదిలెయ్యాలండి" అనేశారు.

నాకు ఆదివారమంటే ఆ క్లాసే వేణీ. మిగతా వారమంతా దానికోసం ఎదురుచూడ్డమే. నువ్వు వాల్తేరులో తత్వశాస్త్రం చదివినదానివి, తునిలో కాలేజీ పిల్లలకి తర్కం చెబుతున్నదానివి. నా పండులో తప్పేంటో రాయి. అడిగింది తప్పు గురించి. నీ సందేహాలు అడగలేదు.

మీ దీనత్త

*

తుని,
24 నవంబరు 2024

అత్తా,

మా వీధి పోస్టుమాన్ నీ కవరు ఇస్తూ, "కోర్టు నోటీసు కాదు కదండీ?" అన్నాడు. చేత్తో రాసిన ఉత్తరం చూసి చాలా కాలమైందట. చదివాక నాకూ నోటీసులాగే అనిపించింది.

ముందు కెజియాకి నా ముద్దులు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తిని పెద్దవాళ్లు క్రీస్తు శరీరం తిన్నామంటారు, అరటిపండు తిని ఆ పిల్లా అలాగే అంది. ఈ మాట కమిటీ ముందు అనకు.

ఇక నీ పండు. ఈ తగువు నీతో మొదలవలేదు. వందల ఏళ్ల కిందట గడ్డాలు నెరిసిన బిషప్పులు దీని మీద ఒకరినొకరు ఊళ్లోంచి వెళ్లగొట్టుకున్నారు. నాకు అర్థమైనంతలో ఆ దారిలో మూడు గోతులున్నాయి. నువ్వు పడింది ముక్కల గొయ్యి. నీ పండులో తండ్రి ఒక ముక్క, కుమారుడు ఒక ముక్క. తండ్రిని చిన్నబ్బులు మింగేశాక మిగిలింది అరకొర దేవుడు. ఆ బిషప్పులేమో ముగ్గురిలో ఎవరికి వారే పూర్తి దేవుడు, అయినా దేవుడు ఒక్కడే అంటారు. పోనీ పాత పాస్టరుగారిలా నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి అందామంటే అది వేషాల గొయ్యి. నీళ్లు ఆవిరయ్యాక నీళ్లుండవు. ఒక్కడే వేషం మార్చుకుని మూడుసార్లు వచ్చినట్టు. అలాగైతే ఆఖరి రాత్రి తోటలో యేసు చెమటోడ్చి ప్రార్థన చేసింది ఎవరికి? తనకు తానేనా? ఇవి రెండూ కాదు, తండ్రి పెద్ద, కుమారుడు చిన్న అంటే అది మెట్ల గొయ్యి. అందులో పడ్డవాళ్లని మరీ కొట్టారు.

నువ్వు గోదావరిని ఎత్తుకుంటావని తెలుసు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ, పాయలు మూడు, నది ఒకటి. వద్దు. ధవళేశ్వరం దాటాక ఎవరి నీళ్లు వాళ్లవే. ముక్కలే.

సందేహాలు రాయొద్దన్నావు, కానీ ఇంత రాసి అవి దాచుకుంటే నిన్ను మోసం చేసినట్టుంటుంది. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, తండ్రి కుమారుడు కాదు, దేవుడు ఒక్కడే. ఈ నాలుగు వాక్యాలూ ఒకే జవాబులో రాస్తే నేను సున్నా వేస్తాను. నా అసలు బాధ అదీ కాదు. ఆకలేసినవాడు, అలసి పడవలో నిద్రపోయినవాడు, స్నేహితుడు పోతే ఏడ్చినవాడు, లోకం ముగిసే ఘడియ ఎప్పుడో తనకీ తెలీదని ఒప్పుకున్నవాడు. అతనంటే నాకు చాలా ఇష్టమత్తా. దేవుడు అనగానే ఆ మనిషి కాస్త దూరం జరిగినట్టనిపిస్తుంది. ఏటా అన్నవరం కొండెక్కే మా అమ్మ, "ముక్కోటి దేవతలున్న ఇంట్లో పుట్టినదాన్ని, మీ ముగ్గురి లెక్క నాకో లెక్కా!" అనేది నాన్నతో. నాన్న నవ్వేవాడు. ఆ మాటకీ ఈ నవ్వుకీ మధ్య పెరిగాను. నాకు ఏదీ తేలదు.

తేలని నీ మేనకోడలు,
వేణి

*

తాడిలంక,
30 నవంబరు 2024

వేణీ,

సున్నా వేస్తావా? వెయ్యి. మీ నాన్నకి ఎక్కాలు నేర్పిన చెయ్యి ఇది. ఆ మాట చదివి నీకు జన్మలో ఉత్తరం రాయకూడదనుకున్నాను. రెండో రోజుకి కోపం దిగింది, ఎందుకంటే గోతులు బాగున్నాయి. ముక్కలు, వేషాలు, మెట్లు. పొయ్యి దగ్గర వల్లె వేస్తున్నాను.

మనిషిగా ఇష్టం అన్నావు. దానికి నేను చెప్పాల్సింది ఉంది. ఆకలి తెలియని దేవుడితో నాకేం పని? మీ మావయ్య పోయాక అన్నం వండుకోబుద్ధి కాని రోజుల్లో నేను మాట్లాడింది ఆ ఏడ్చినవాడితోనే. అందరూ ఏడవొద్దమ్మా అన్నారు, ఆయన అనలేదు. కానీ ఉత్త మనిషే అయితే, ఎప్పుడో ఎక్కడో చచ్చిపోయిన మనిషి, తాడిలంకలో నా వంటింట్లోకి ఎలా వచ్చాడు? ఇది తర్కం కాదంటావు. నా దగ్గర ఉన్నది ఇదే.

ఇంకో సంగతి. నీ ఉత్తరం పాస్టరుగారికి చూపించాను. గోతుల దాకా కనిపించేలా కింది సగం మడిచి ఇచ్చాను. అబద్ధం ఆడలేదు, మడిచాను అంతే. ఆయన చదివి, "ఎంత విశ్వాసం ఉంటే ఇంత స్పష్టంగా రాస్తారండి!" అన్నాడు. ఇరవై రెండున స్త్రీల సమాజం క్రిస్మస్ కూడికలో వర్తమానం నువ్వే చెప్పాలట, అరగంట ప్రసంగం. బేనరు మీద "సహోదరి వీరవేణి" అని వేయిస్తారట. సరేనన్నాను. ఆ బూడిదరంగు చీర మాత్రం కట్టుకురాకు, బ్యాంకు ఆఫీసరులా ఉంటావు.

ప్రార్థనతో,
దీనత్త

*

తుని,
5 డిసెంబరు 2024

అత్తా,

ముందు ఆ బేనరు ఆపించు!

సున్నా ఆ వాక్యాలకి వేశాను, నీకు కాదు. నీకు సున్నా వేసే దమ్ము ఈ జిల్లాలో ఎవరికుంది? మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అలిగావనుకుని నేనూ అలిగాను. తీరా చూస్తే ఫోన్ నీళ్ల బకెట్లో పడిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఇక ఆ అలక ఎవరి మీద పెట్టుకోవాలో తెలీడం లేదు.

కానీ మడవడమేంటి? నా ఉత్తరంలో నేనున్నది కింది సగంలోనే కదా! నమ్మకం ఉందో లేదో తెలీని మనిషిని పీఠం ముందు నిలబెట్టి వర్తమానం చెప్పమంటావా? పాస్టరుగారికి నిజం చెప్పెయ్యి.

దీంతో రెండు పేజీల కాగితం పెడుతున్నాను. కమిటీ ముందు అది చదివెయ్యి. పాత విశ్వాస ప్రమాణాలన్నీ చూసి, ఏ గోతిలోనూ కాలు పడకుండా రాశాను. నేను నమ్మి రాసింది కాదు. తప్పు లేనిది, అంతే.

అది రాస్తున్న రోజున ఒకటి తట్టింది. నా ఒక కంచం, ఒక గ్లాసు, ఒక గిన్నె తోముకుంటున్నాను. దేవుడు ప్రేమ అంటారు కదా మీరు. లోకమే లేనప్పుడు ఎవర్ని ప్రేమించాడు? ఒంటరివాడైతే ఎవర్నీ కాదు. అప్పుడు ప్రేమ ఆయనకి తర్వాత పట్టుబడిన అలవాటు అవుతుంది. మొదట్నుంచీ ప్రేమే అయితే మొదట్నుంచీ ఎదురుగా ఒకరుండి తీరాలి. కుళాయి కట్టేసి తడి చేత్తోనే ఇది కాగితం మీద రాసుకున్నాను. నమ్మేశానని కాదు. బాగుందనిపించింది. బాగున్నదల్లా నిజం కానక్కర్లేదని రోజూ పిల్లలకి చెప్పేది నేనే.

బూడిదరంగు చీర నాకిష్టం.

వేణి

*

తాడిలంక,
16 డిసెంబరు 2024

వేణీ,

క్లాసు పోయింది. ముందే చెప్పేశాను, ఇక స్థిమితంగా చదువు.

నిన్న ఆరాధన అయ్యాక కూర్చున్నారు. పాస్టరుగారు, ఆశీర్వాదంగారు, ట్రెజరర్ జీవరాజు, చిట్టియ్య. కెజియా తాత పక్కన బెంచీ మీద కాళ్లూపుతూ కూర్చుంది, సాక్షిగా అట. నీ కాగితం తీసి చదవడం మొదలెట్టాను. "తత్వమందు ఏకమైయుండి..." రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. అందులో ఒక్క మాటా నాది కాదు. కళ్లజోడు తీసేసి, "నాకు తెలీదండీ. ముగ్గురు ఒక్కరెలా అవుతారో నాకు తెలీదు. మా మేనకోడలు అంత చదివింది, దానికీ తెలీదు. అది నమ్మను కూడా నమ్మదు" అనేశాను. పాస్టరుగారి ముఖం వైపు చూడలేకపోయాను.

ఆశీర్వాదంగారు లేచారు. "తెలీనావిడ చేతికి పిల్లల్ని ఎలా అప్పజెబుతామండీ?"

"నిజమేనండి. తెలిసినవారెవరో చెప్పండి, వారికే ఇచ్చేద్దాం" అన్నాను.

చిట్టియ్య ముందుకొచ్చాడు. "అదెంతసేపమ్మా! మా తోటలో మోటారుకి త్రీ ఫేజ్ కరెంటు. తీగలు మూడు, కరెంటు ఒకటే."

"ఒక్కో తీగలో కొంత కొంతే కదా చిట్టియ్యా. ముక్కల గొయ్యి. అయినా, ఒక ఫేజు పోతే?"

"మోటారు కాలిపోద్దండి" అని ఒప్పుకున్నాడు పాపం.

ఆశీర్వాదంగారు నవ్వారు. "ఇదిగో, నేనున్నాను. మా అబ్బాయికి తండ్రిని, మా నాన్నకి కొడుకుని, ఈ సంఘానికి సెక్రటరీని. మనిషిని ఒక్కణ్ణే."

"మరి సెక్రటరీగారు మోకరించి మీ అబ్బాయిగారి తండ్రికి ప్రార్థన చేస్తారాండీ? అది వేషాల గొయ్యి."

"ఉండండుండండి, నేను చెప్తాను," అన్నాడు జీవరాజు. "ప్రెసిడెంటు పాస్టరుగారు, సెక్రటరీ మీరు, ట్రెజరర్ నేను. ముగ్గురం. కమిటీ ఒక్కటే."

"ముగ్గురూ సమానమేనా బాబూ?"

"సమానమేనండి."

"అదెలాగయ్యా?" అన్నారు ఆశీర్వాదంగారు. "తీర్మానం రాసేదెవరు?"

"నా సంతకం లేకుండా మీ తీర్మానంతో గుడికి సున్నం కూడా వెయ్యలేరు కదండీ!"

ఇక చూడాలి. టీలు వచ్చి చల్లారిపోయే దాకా ఇద్దరూ మెట్ల గోతిలోనే కొట్టుకున్నారు.

ఆఖరికి అందరూ పాస్టరుగారి వైపు తిరిగారు. ఆయన రుమాలు తీసి నుదురు తుడుచుకుని, "అది మర్మమండి" అన్నాడు. "అంటేనండి?" అన్నాడు చిట్టియ్య. "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు.

కళ్లు మూసుకుని గెలిచాననే అనుకున్నాను. ఆమెన్ అనీ అనకుండానే ఆశీర్వాదంగారు అందుకున్నారు. "మాకెవరికీ తెలీకపోవచ్చండి. కానీ తెలీదని మేమెవరం అనలేదు. ఆవిడ అన్నారు. మినిట్సులో రాసేశాను."

వచ్చే ఆదివారం నుంచి క్లాసు ఆయనే చెబుతారట. నీ వర్తమానం కూడా రద్దు. సంతోషమే కదా.

ఇంట్లో కొట్టుగదిలో క్లాసు బొమ్మల అట్టలున్నాయి, సర్ది పంపించెయ్యాలి. లేవబుద్ధి కావడం లేదు.

దీనత్త

*

తుని,
19 డిసెంబరు 2024

అత్తా,

విచారణ చదివి స్టాఫ్‌రూములో పెద్దగా నవ్వితే అందరూ తిరిగి చూశారు. మళ్లీ నీ మొదటి రెండు మాటలూ చదివాను. నవ్వు ఆగిపోయింది. గోతులు తవ్వి ఇచ్చింది నేను. నువ్వు అందర్నీ పడేశావు, ఆఖరికి అందులో నిన్ను పూడ్చారు.

ఒకటి చెప్పనా? "నాకు తెలీదు" అనే మాట మా కాలేజీలో ఏ మాష్టారి నోటా నేను వినలేదు, నా నోటితో కలిపి. నా కాగితం పక్కన పెట్టావని కోపం రావాలి. రాలేదు. ఆ కాగితం చదివేసి ఉంటే క్లాసు ఉండేది, కానీ ఆదివారం పిల్లల ముందు నుంచునేది నువ్వు కాదు.

అయితే కోపం వచ్చిన చోటు వేరే ఉంది. "నమ్మదు" అనేశావా? నేను తేలదన్నాను. నమ్మనని ఎక్కడన్నాను? అది వేరు, ఇది వేరు. ఇక ఆ రద్దు సంగతి. సంతోషించాలి నిజమే. కానీ వర్తమానం మూడు పేజీలు రాసుకున్నానత్తా. నీలంరంగు చీర ఇస్త్రీకి కూడా ఇచ్చాను. ఎందుకిచ్చానని అడగకు.

ఆ అట్టలు అప్పుడే పంపకు.

వేణి

*

తాడిలంక,
23 డిసెంబరు 2024

వేణీ,

స్పీడుపోస్టులో పంపుతున్నాను, నువ్వూ అలాగే పంపు. నిన్న సాయంత్రం ఆశీర్వాదంగారు మా ఇంటికొచ్చారు. ఇన్నేళ్లలో మా గుమ్మం తొక్కడం అదే మొదలు. టీ ఇచ్చాను. తాగారు. ఇంకో టీ ఇచ్చాను. అదీ తాగాక బయటపడింది.

నిన్న పొద్దున ఆయన క్లాసులో కెజియా లేచి, "తాతా, యేసయ్య సమాధిలో ఉన్న మూడు రోజులూ లోకాన్ని ఎవరు చూసుకున్నారు? ఒక ఫేజు పోతే మోటారు కాలిపోద్దని చిట్టియ్య తాత అన్నాడు కదా, లోకం కాలిపోలేదేం?" అందట. "తండ్రి చూసుకున్నాడమ్మా" అన్నారట ఈయన. "అయితే యేసయ్య లేకపోయినా పనైపోద్దా?" అందట. ఈయన కంగారుపడి, "అబ్బే, ఆయన దేవుడు కదమ్మా, దేవుడు నిజంగా చచ్చిపోడు" అన్నారట. "అంటే ఉత్తుత్తినే చచ్చిపోయాడా?" అని అది ఏడుపు అందుకుందట. దాన్ని చూసి క్లాసు క్లాసంతా ఏడుపు. తల్లులు పరిగెత్తుకొచ్చారట.

"వచ్చే ఆదివారం మట్టుకు మీరు చెప్పండమ్మా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం," అన్నారు కప్పులోకి చూస్తూ. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, "మీ మేనకోడలుగారిని అడిగి చూడండి. నేనడగమన్నానని అనకండి" అన్నారు. అనలేదు కదా, రాశాను.

ఇరవై తొమ్మిదిన క్లాసు. ఆ పిల్లని ఓదార్చగలిగితే ఇక ఎవరూ నన్ను కదపరు. లేకపోతే ఆ క్లాసే ఉండదు, తల్లులు పంపరు. తెలీదని చెబుతాను, అది నాకు భయం లేదు. కానీ ఏడుస్తున్న పిల్లకి ఉత్త "తెలీదు" చేతిలో పెట్టి పంపలేను. ఏదైనా రాయి.

నిన్ను నమ్మదు అన్నాను, తప్పే. తేలదు అని దిద్దుకుంటున్నాను. నీలం చీర సంగతి అడగడం లేదు చూడు.

దీనత్త

*

తుని,
26 డిసెంబరు 2024

అత్తా,

నిన్న క్రిస్మస్ రోజంతా ఈ ప్రశ్నతోనే గడిచింది. ఆ పిల్ల ఒక్క దెబ్బతో వాళ్ల తాతగారిని రెండు గోతుల్లో పడేసింది. తండ్రి ఒక్కడే చూసుకున్నాడంటే ముక్క, చచ్చిపోలేదంటే వేషం. పుస్తకాలు తీసి చూశాను. పెద్దలు చాలా రాశారు. ఏడుస్తున్న పిల్లకి చెప్పగలిగింది ఒక్కటీ దొరకలేదు.

అవన్నీ మూసేసి ఆ మూడు రోజుల కథ మళ్లీ చదివాను. ఈసారి దేవుడి కోసం వెతకలేదు, ఎవరెవరు ఏం చేస్తున్నారో చూశాను. శిష్యుల్లో మగవాళ్లు తలుపులేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు మాత్రం ఆయన్ని ఎక్కడ పెట్టారో చూసుకుని ఇంటికొచ్చారు. ఒంటికి పూయడానికి సుగంధాలు సిద్ధం చేశారు. పని చెయ్యకూడని విశ్రాంతిదినం వచ్చిందని మధ్యలో ఆగారు. ఆయన లేస్తాడని వాళ్లకి తెలీదత్తా, తెలిస్తే సుగంధాలెందుకు? దేవుడో కాదో తేల్చుకున్నారని కూడా ఎక్కడా లేదు. అయినా చీకటితోనే లేచి బయల్దేరారు. సమాధి ముందు రాయి ఎవరు దొర్లిస్తారో కూడా తెలీదు, దార్లో ఆ మాటే అనుకుంటూ నడిచారు.

కెజియాని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇలా చెప్పు. ఆయన నిజంగానే చచ్చిపోయాడమ్మా, ఉత్తుత్తినే కాదు. ఆ మూడు రోజులూ లోకాన్ని ఎవరు చూసుకున్నారో నాకు తెలీదు. ఆయన్ని మాత్రం ఆడవాళ్లు చూసుకున్నారు.

ఇది ఏ గోతిలోకి వెళుతుందో నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు. కమిటీ అడిగితే నా పేరు చెప్పు, మడవకుండా ఉత్తరమంతా చూపించు. ఆశీర్వాదంగారు మళ్లీ తెలీనావిడ చేతికి ఎలా అప్పజెబుతామంటే, ఆయనకి టీ ఇచ్చి నిదానంగా చెప్పు. ఆయన లేచాడన్న మొదటి కబురు అప్పజెప్పింది ఏమీ తెలీకుండా నడిచి వెళ్లిన ఆ ఆడవాళ్ల చేతికే కదండీ అని.

నీ
వేణి